క్లినికల్స్: లైవ్ క్లాసా, రికార్డెడ్ వీడియోనా?

మెడికల్ కాలేజీల్లో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఈ ప్రశ్న ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. కోవిడ్‌లా మళ్లీ ఏదైనా వచ్చి కాలేజీలు మూతపడితే క్లినికల్స్ (రోగుల దగ్గర నేర్పే పాఠాలు) లైవ్‌లో చెప్పాలా, వీడియోలు తీసి పంపాలా? 2020 మార్చి లాక్‌డౌన్ నుంచి, డిసెంబరు 1 నాటికి కాలేజీలు తెరవమని ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) చెప్పేదాకా, మళ్లీ 2021 సెకండ్ వేవ్‌లోనూ రెండూ చేసి చూశాం. థియరీ ఎలా చెప్పినా గడిచిపోతుంది. ఇబ్బందంతా క్లినికల్స్‌తోనే.

నా లెక్కలో తేల్చే విషయం ఒక్కటే: విద్యార్థి చేస్తున్న తప్పు ఆ క్షణంలో మనకు తెలుస్తోందా, లేదా?

స్ప్లీన్ (ప్లీహం) పెరిగిందేమో చేత్తో తడిమి చూసే పరీక్షే తీసుకోండి. పొత్తికడుపు కుడివైపు మొదలుపెట్టి, రోగి ఊపిరి పీల్చినప్పుడల్లా అంచు తగులుతుందేమో చూస్తూ ఎడమ పక్కటెముకల వైపు జరగాలి. తొందరపడే కుర్రాడు నేరుగా పక్కటెముకల కిందే చెయ్యి పెడతాడు. స్ప్లీన్ బొడ్డు దాటి పెరిగి ఉంటే చెయ్యి దాని మీదే ఉంటుంది, అంచు మాత్రం దొరకదు. "నార్మల్ సర్" అంటాడు. రోగేమో "కడుపులో బల్ల ఉందయ్యా" అని, అంటే పెరిగిన స్ప్లీన్ గురించే, చెబుతూనే ఉంటాడు. వార్డులో అయితే మణికట్టు పట్టుకుని కిందికి జరిపితే సరిపోతుంది. వీడియో చూస్తే పద్ధతి తెలుస్తుంది కానీ తన చెయ్యి ఎక్కడ తప్పుతోందో తెలియదు. లైవ్‌లో ఇంట్లో తమ్ముడి పొట్ట మీద చేసి చూపించమనొచ్చు, కాస్త నయం. కాకపోతే తమ్ముడికి స్ప్లీన్ పెరిగి ఉండదు కదా!

హిస్టరీ (రోగిని అడిగి జబ్బు వివరాలు రాబట్టడం) దగ్గరికొస్తే లైవ్‌దే పైచేయి. రోగి ఒప్పుకుంటే వార్డులో పీజీ డాక్టర్ ఫోన్ పట్టుకుంటాడు, విద్యార్థి ఇంటి నుంచే ప్రశ్నలు వేస్తాడు. "ఆర్థాప్నియా ఉందా?" (పడుకుంటే ఆయాసం వస్తుందా అని) అంటే ఆవిడ తెల్లమొహం వేస్తుంది. "రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటారమ్మా?" అని అడగడం అక్కడే నేర్చుకుంటాడు. మూడు దిండ్లంటే తర్వాత ఏమడగాలి అని మనం మధ్యలో ఆపి నిలదీయొచ్చు. రికార్డింగ్‌లో ఆ వీలే లేదు. 2021 మేలో ఫైనలియర్ వాళ్లను టెలికన్సల్టేషన్‌కు వాడుకోవచ్చని కేంద్రం చెప్పినప్పుడు, ఇలా ఫోన్‌లో అడగడం అలవాటైన పిల్లలు తడబడలేదు. అయితే బ్యాచ్‌కు ఏడెనిమిది మందే ఉండాలి, కెమెరాలు ఆన్‌లో ఉండాలి. వందమందిని కూర్చోబెడితే అది ఉపన్యాసమే.

కళ్లతో చూసి పట్టేవాటికి, అంటే నడక, వణుకు, ముఖ పక్షవాతం లాంటి వాటికి వీడియోనే మేలు. లైవ్‌లో రోగి పార్కిన్సన్స్ వల్ల ఆగాడో, నెట్ వల్ల ఆగాడో తెలియదు. పల్లెల్లో సిగ్నల్ అందని పిల్లలు డౌన్‌లోడ్ చేసుకుని మళ్లీ మళ్లీ చూడగలరు కూడా. గుండె చప్పుళ్లకు రెండూ అంతంతమాత్రమే. ఎస్3 (గుండె మూడో చప్పుడు) లాంటి మంద్రమైన చప్పుడు ఫోన్ స్పీకర్‌లో సరిగా పలకదు, ఇయర్‌ఫోన్స్ తప్పవు. వాట్సాప్‌లో పంపే పీపీటీలు చదువుకోవడానికి సరే, వాటిని క్లినికల్స్ అనలేం.

కాబట్టి హిస్టరీ, కేస్ డిస్కషన్ లైవ్‌లో పెట్టండి. పరీక్ష చేసే పద్ధతి వీడియోగా ముందే పంపండి. కాలేజీ తెరిచాక మొదటి వార్డు పోస్టింగ్‌లో మళ్లీ హిస్టరీ దగ్గర మొదలుపెట్టకుండా, ఒక్కొక్కరి చేతా పొట్ట, ఛాతీ పరీక్ష చేయించండి.