మూస్ లేక్ మీదుగా బౌండరీ వాటర్స్ అరణ్యంలోకి

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మిన్నియాపొలిస్ నుంచి ఉత్తరంగా దాదాపు నాలుగు గంటలు కారులో వెళితే ఈలీ అనే చిన్న పట్టణం, అక్కడి నుంచి ఫెర్న్‌బర్గ్ రోడ్డు మీద మరో అరగంటకు మూస్ లేక్ వస్తాయి. వెయ్యికి పైగా సరస్సులతో, సుమారు 11 లక్షల ఎకరాలలో, కెనడా సరిహద్దు వెంట విస్తరించిన బౌండరీ వాటర్స్ అరణ్యంలోకి కనూ పడవల మీద ప్రవేశించే రేవులలో ఇది ఒకటి. గత ఆగస్టులో మేము రెండు కుటుంబాల నలుగురం ఇక్కడి నుంచే బయలుదేరి మూడు రాత్రులు ఎన్సైన్ లేక్ ఒడ్డున గడిపాము.

మే 1 నుంచి సెప్టెంబరు 30 వరకు రాత్రి బసకు ఇచ్చే పర్మిట్ల సంఖ్య పరిమితం కనుక మేము చలికాలంలోనే తేదీ ఖాయం చేసుకున్నాము. ఒక బృందంలో 9 మందికి, 4 పడవలకు మించి అనుమతించరు.

బయలుదేరే ముందు రాత్రి ఈలీలోని మోటెల్ కంటే సరస్సు ఒడ్డునే ఉన్న బంక్‌హౌస్ మేలని నా అభిప్రాయం. అక్కడ అంచెల మంచాలు, ఉమ్మడి స్నానాల గది తప్ప వేరే సౌకర్యమేమీ లేదు. అయినా తెల్లవారేసరికి నీటి అంచున ఉండటం వల్ల గాలి లేవకముందే తెడ్డు వేయగలిగాము, మధ్యాహ్నానికి ముందే మంచి విడిది స్థలం దొరికింది. ఆ స్థలాలకు ముందస్తు కేటాయింపు లేదు, ముందు చేరినవారిదే చోటు.

డబ్బు దేనికి ఖర్చు చేయాలని అడిగితే, తేలికైన పడవకే అంటాను. ఒక సరస్సు నుంచి మరొకదానికి పడవను భుజాల మీద మోసుకుపోయే దారిని పోర్టేజి అంటారు. దాని పొడవును రాడ్ అనే పదహారున్నర అడుగుల కొలతలో లెక్కిస్తారు. కెవ్లార్ అనే తేలికైన, గట్టి కృత్రిమ నారతో చేసిన దాదాపు ఇరవై కిలోల పడవను నా భార్య ఒక్కతే ఎత్తుకోగలిగింది. అల్యూమినియం పడవ బరువు ముప్పై కిలోలు దాటుతుంది. ఇక పడవలను మోటారు బోటు మీద ముందుకు చేర్చే సేవ, న్యూఫౌండ్, స్ప్లాష్ సరస్సుల మీదుగా ఎన్సైన్‌కు వెళ్ళేవారికి అవసరమే లేదు, ఎందుకంటే ఆ దారిలో పోర్టేజీలు చిన్నవి.

సామగ్రి అద్దెకు తీసుకుంటే ఒడ్డునే మూటలు విప్పి చూసుకోవాలి. మాకిచ్చిన ఒక డేరాకు మేకులు తక్కువైనట్లు విడిదికి చేరాక గాని తెలియలేదు, ఆ రాత్రి వానకు పిల్లల పరుపులు తడిశాయి.

తిండి, పానీయాల రేకు డబ్బాలు, గాజు సీసాలు లోపలికి నిషిద్ధం కాబట్టి ఆవకాయను ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకున్నాము. అటుకులు, పులిహోర పొడి ఎంతో ఉపకరించాయి. తిండి మూటను ఎలుగుబంటికి అందకుండా ప్రతి రాత్రీ చెట్టుకు ఎత్తుగా వేలాడదీశాము. విడిదిలో ఇనుప పొయ్యి, అడవిలో కొంచెం లోపలగా గోడలు లేని మరుగుదొడ్డి ఉంటాయి. పొద్దుగూకాక లూన్ పక్షుల కూత నీటి మీదుగా అవతలి ఒడ్డు దాకా సాగుతుంటే పిల్లలు డేరాలోకి రామన్నారు.

వచ్చే వేసవిలో సరిహద్దునే ఉన్న నైఫ్ లేక్ వరకు వెళ్ళాలనుకుంటున్నాము. ఆ దూరానికి మాత్రం మోటారు బోటుకు డబ్బు చెల్లిస్తాము.