ఉద్యోగం చేస్తూ ఏసీసీఏ చదవాలనుకునేవాళ్లు ఫీజు కట్టే ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో జాబ్ చేస్తూ ఏసీసీఏ కోచింగ్‌లో చేరాలని చూస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఏసీసీఏ అంటే బ్రిటన్‌కి చెందిన ఒక అకౌంటెన్సీ సంస్థ, అది ఇచ్చే క్వాలిఫికేషన్ పేరూ అదే. అమీర్‌పేట వైపు ఉన్న ఒక ఇన్‌స్టిట్యూట్ నా దగ్గర లక్షా డెబ్బై వేల దాకా తీసుకుంది. చెప్పిన క్లాసుల్లో సగం కూడా జరగలేదు. ఈఎంఐ మాత్రం ఈ నెల కూడా ఠంచనుగా నా అకౌంట్‌లోంచి కట్ అయింది. పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా ఇదే తంతు ఇంకో రెండు మూడు చోట్ల జరుగుతోందని తోటివాళ్ల ద్వారా తెలిసింది. ఒక్క పేరు గుర్తుపెట్టుకుని పక్క బిల్డింగ్‌లో చేరితే మీకు ఒరిగేదేమీ ఉండదు. వాళ్లు ఎలా చేస్తారో చెప్తాను.

నాది బీకామ్. రాయదుర్గంలో ఒక షేర్డ్ సర్వీసెస్ ఆఫీసులో రికార్డ్ టు రిపోర్ట్ టీమ్ (కంపెనీ లెక్కలు రాసి రిపోర్టులు తయారుచేసే పని), యూకే షిఫ్ట్. మధ్యాహ్నం వెళ్తే మళ్లీ క్యాబ్ దిగేసరికి రాత్రి పదకొండున్నర దాటుతుంది. మా దగ్గర మేనేజర్ దాకా వెళ్లాలంటే పేరు పక్కన ఏదో ఒక క్వాలిఫికేషన్ ఉండాల్సిందే. సీఏ అంటే ఆర్టికల్‌షిప్ (ఆడిటర్ దగ్గర ట్రైనింగ్), ఉన్న ఉద్యోగం వదులుకోవాలి. ఏసీసీఏలో ఆ బాధ లేదు. మనం చేసే అకౌంట్స్ పనే 36 నెలల ప్రాక్టికల్ ఎక్స్‌పీరియన్స్ కింద లెక్కకొస్తుంది. ఇండియాలో స్టాట్యుటరీ ఆడిట్ (చట్టప్రకారం కంపెనీలకి తప్పనిసరైన ఆడిట్) మీద సంతకం పెట్టే హక్కు రాదు కానీ, నాలాంటివాళ్లకి దానితో పని లేదు. అందుకే గచ్చిబౌలి, హైటెక్ సిటీ ఆఫీసుల్లోంచి అంతమంది అటు వెళ్తున్నారు. మనకి జీతం ఉందని, టైమ్ లేదని ఇన్‌స్టిట్యూట్లకి బాగా తెలుసు. కథంతా ఈ రెండిటి మీదే నడుస్తుంది.

మొదట ఎగ్జెంప్షన్ల, అంటే పేపర్ల మినహాయింపుల సంగతి. ఏసీసీఏలో మొత్తం 13 పేపర్లు. చదువుని బట్టి కింది స్థాయిలో గరిష్ఠంగా 9 పేపర్ల వరకు మినహాయింపు ఇస్తారు. పైన ఉన్న స్ట్రాటజిక్ ప్రొఫెషనల్ పేపర్లు 4 ఎవరైనా రాయాల్సిందే. నా మార్కుల మెమోలు చూసి కౌన్సెలర్ "మీకు ఆరు పేపర్లు పోతాయి మేడమ్, రాయాల్సింది ఏడే" అన్నాడు. ప్యాకేజీ కూడా ఏడు పేపర్లకే వేశాడు. ఏసీసీఏ నుంచి నాకు వచ్చింది మూడు. మిగతా మూడు పేపర్ల కోచింగ్‌కి మళ్లీ వేరే బిల్లు. అదేమిటని అడిగితే "అది ఏసీసీఏ నిర్ణయం, మా చేతుల్లో ఏముంటుంది" అన్నారు. మాట నిజమే, నిర్ణయం ఏసీసీఏదే. మరి ఆ రోజు అంత ధీమాగా ఆరని ఎలా చెప్పారో! ఏసీసీఏ వెబ్‌సైట్‌లో ఎగ్జెంప్షన్ కాలిక్యులేటర్ ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. డిగ్రీ, యూనివర్సిటీ ఎంచుకుంటే అంచనా తెలుస్తుంది. ఏ కౌన్సెలర్ దగ్గరికీ వెళ్లకముందే అది చూసుకోండి. మినహాయింపు వచ్చిన ప్రతి పేపర్‌కీ ఏసీసీఏకి ఫీజు కట్టాలి, అదీ పౌండ్లలో. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. "అన్నీ కలిపే మేడమ్" అన్నదాంట్లో రిజిస్ట్రేషన్ ఫీజు, ఏటా కట్టే సబ్‌స్క్రిప్షన్, పరీక్ష ఫీజులు ఏవీ లేవు.

ఇక అన్నిటికన్నా పెద్దది లోన్.

డెమో క్లాస్ అయిపోగానే కౌన్సెలర్ ట్యాబ్ ముందు పెట్టాడు. ఈ రోజే సీటు బ్లాక్ చేసుకుంటే ఇరవై వేలు తగ్గుతుందట, జీరో కాస్ట్ ఈఎంఐ అట. (మరుసటి వారం అదే ఇరవై వేలు ఉగాది ఆఫర్ పేరుతో బోర్డు మీద కనిపించింది.) "ఇది లోన్ కాదు కదా?" అని అడిగాను. "లోన్ ఏం కాదు మేడమ్, మీ ఫీజునే వాయిదాల్లో కడతారు. మా పార్ట్‌నర్ ఆటో డెబిట్ పెడతారు, అంతే" అన్నాడు. పాన్ నంబరు, ఆధార్, ఒక సెల్ఫీ, వరసగా ఓటీపీలు. ప్రతి ఓటీపీకీ స్క్రీన్ తనవైపు తిప్పుకుని "చెప్పండి మేడమ్" అనేవాడు. రెండో రోజు ఆఫీసులో ఉండగా మెసేజ్ వచ్చింది: ఫలానా ఫైనాన్స్ కంపెనీ నుంచి మీ లోన్ డిస్బర్స్ అయింది అని. పక్క సీటు అమ్మాయి చూసి "అక్కా, పర్సనల్ లోన్ తీసుకున్నావా?" అంది. సిబిల్ రిపోర్ట్ తీసి చూస్తే అందులోనూ లోన్ అనే ఉంది.

ఇది ఎలా పనిచేస్తుందంటే, ఫైనాన్స్ కంపెనీ మీ ఫీజు మొత్తం ఒకేసారి ఇన్‌స్టిట్యూట్‌కి కట్టేస్తుంది. మీరు నెలనెలా కట్టేది ఇన్‌స్టిట్యూట్‌కి కాదు, ఆ కంపెనీకి. కాబట్టి క్లాసులు జరిగినా జరగకపోయినా, సార్ మానేసినా, బ్రాంచ్ ఎత్తేసినా మీ వాయిదా ఆగదు. నా లోన్ అగ్రిమెంట్‌లో ఈ మాట స్పష్టంగా రాసి ఉంది: కోర్సు సేవలో లోపం ఉందన్న కారణంతో వాయిదాలు ఆపకూడదని. ఆ అగ్రిమెంట్ నా చేతికి వచ్చింది సంతకం అయ్యాక, మెయిల్‌లో. డబ్బు మొత్తం ముందే చేతిలో పడ్డాక వాళ్లు ఏరు దాటి తెప్ప తగలేసినట్టు ప్రవర్తించారు. అడ్మిషన్ ముందు రోజుకి మూడుసార్లు ఫోన్ చేసిన మనిషి తర్వాత మెసేజ్‌కి కూడా జవాబివ్వలేదు.

ఆర్‌బీఐ నిబంధనలు ఈ విషయంలో మనకి అనుకూలంగానే ఉన్నాయి. వాడుకునేవాళ్లే తక్కువ. లోన్ ఇచ్చే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పత్రం ఇవ్వాలి. అందులో అసలు ఎంత, ఏడాదికి మొత్తం వడ్డీ భారం ఎంత, ఇతర చార్జీలేమిటి అన్నీ ఉండాలి. యాప్‌లో, ట్యాబ్‌లో తీసుకునే డిజిటల్ లోన్లకి కూలింగ్ ఆఫ్ పీరియడ్ అని ఉంటుంది, 2025 ఆదేశాల ప్రకారం కనీసం ఒక రోజు. ఆ లోపు అసలూ, ఆ కాస్త రోజులకి వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా లోన్ రద్దు చేసుకోవచ్చు. చిక్కేమిటంటే డబ్బు అప్పటికే ఇన్‌స్టిట్యూట్ ఖాతాలో ఉంటుంది, అసలు మన జేబులోంచి తీయాలి. అందుకే నా సలహా ఒకటే: ఈఎంఐ అన్న మాట వినపడితే ట్యాబ్ ముట్టుకోకండి. పేపర్ వారీగా ఫీజు తీసుకునే చోటు చూసుకోండి. ఒక్క పేపర్‌కి కట్టండి, చదవండి, నచ్చితే రెండోది. "పేపర్ వారీగా తీసుకోము" అనే ఇన్‌స్టిట్యూట్ అయితే లేచి వచ్చేయండి. ఏసీసీఏలో అంత తొందరేమీ లేదు కూడా. ఏడేళ్ల గడువు స్ట్రాటజిక్ ప్రొఫెషనల్ పేపర్లకే, అదీ వాటిలో మొదటిది పాసైన దగ్గర్నుంచి.

రిజిస్ట్రేషన్ దగ్గర ఇంకో మెలిక ఉంది. "మీరు బిజీగా ఉంటారు కదా, మేమే చేసేస్తాం" అని వాళ్ల మెయిల్ ఐడీతో నా ఏసీసీఏ అకౌంట్ తెరిచారు. దాంతో ఎగ్జెంప్షన్ లెటర్ వాళ్లకే వెళ్లింది, పరీక్ష గడువుల మెయిల్స్ వాళ్లకే వెళ్లాయి. ఏసీసీఏలో పరీక్ష ఫీజు ముందుగా కడితే తక్కువ, చివరి గడువు దాకా ఆగితే బాగా ఎక్కువ. నాకు విషయం చెప్పేసరికి చివరి గడువు రేటు నడుస్తోంది. ఆ తేడా నేనే భరించాను. తర్వాత ఏసీసీఏ కనెక్ట్‌కి, అంటే ఏసీసీఏ హెల్ప్‌డెస్క్‌కి, నేరుగా రాసి, ఐడీ ప్రూఫ్ పంపి, మెయిల్ మార్పించుకున్నాను. పెద్ద కష్టం కాలేదు. మీ అకౌంట్ ఇప్పుడు వేరేవాళ్ల మెయిల్ మీద ఉంటే ఇవాళే ఆ పని చేయండి. సబ్‌స్క్రిప్షన్ ఏటా జనవరి 1కి కట్టాలి. ఆ మెయిల్ కంటపడక కట్టకుండా ఉండిపోతే రిజిస్టర్‌లోంచి పేరు తీసేస్తారు.

క్లాసుల గురించి చెప్పాలంటే, నాకు అమ్మింది శని, ఆదివారాల బ్యాచ్. కొంతకాలం బాగానే నడిచింది. తర్వాత స్టూడెంట్లు తగ్గారని మమ్మల్ని రెగ్యులర్ బ్యాచ్‌లో కలిపేశారు: సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున ఏడింటికి ఆన్‌లైన్ క్లాస్. అర్ధరాత్రి తర్వాత పడుకునేవాళ్లకి ఏడింటికి డిఫర్డ్ ట్యాక్స్ బుర్రకెక్కాలంటే ఎలా? రికార్డింగులు చూసుకోమన్నారు. ఒక్కో వీడియో రెండుసార్లు మాత్రమే తెరుచుకుంటుంది. నెట్ పోయి మధ్యలో ఆగినా ఒకసారి చూసినట్టే లెక్క.

డెమోలో పాఠం చెప్పిన సార్ మళ్లీ కనిపించలేదు. ఫైనాన్షియల్ రిపోర్టింగ్ పేపర్ చెప్పే సార్ కన్సాలిడేషన్ (గ్రూపు కంపెనీల లెక్కలు ఒకటిగా కలపడం) మధ్యలో మానేశారు. గుడ్‌విల్ లెక్క అయింది, నాన్ కంట్రోలింగ్ ఇంట్రెస్ట్ మొదలైంది, అక్కడితో ఆగిపోయింది. కొత్తగా వచ్చినాయన ఐఏఎస్ 16 (స్థిరాస్తుల లెక్కల మీద అకౌంటింగ్ ప్రమాణం) నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. స్థిరాస్తుల తరుగుదల రోజూ ఆఫీసులో పోస్ట్ చేసేవాళ్లం, మాకు అదే పాఠం రెండోసారి! కన్సాలిడేషన్ మిగిలిపోయింది. మెటీరియల్ పేరుతో తీసుకున్న డబ్బుకి ఇచ్చింది కాప్లాన్ పుస్తకం జిరాక్స్, కొన్ని పేజీల్లో అంచున అంకెలు కోసుకుపోయి ఉన్నాయి. ఏసీసీఏ ఆన్‌లైన్ మెటీరియల్ ఉండే స్టడీ హబ్ స్టూడెంట్లకి ఉచితం, కంప్యూటర్ మీద పరీక్ష రాసే ప్రాక్టీస్ ప్లాట్‌ఫామ్ కూడా ఉచితమే. ఆ సంగతి క్లాసులో ఒక్కరూ చెప్పలేదంటే అర్థం చేసుకోండి.

మన ఉద్యోగాల గురించి వాళ్లకి ఏమీ పట్టదనడానికి ఒక గుర్తు చెప్తాను. ఏసీసీఏ సెషన్ పరీక్షలు మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్‌లలో, సాధారణంగా నెల మొదటి వారంలో, పనిదినాల్లోనే వస్తాయి. మనకి మంత్ ఎండ్ క్లోజ్, అంటే అయిపోయిన నెల లెక్కలు ముగించే పని, కూడా సరిగ్గా అప్పుడే. లీవు ఎలా పెట్టుకోవాలి, ఏ పేపర్ ఏ సెషన్‌లో పెట్టుకుంటే మంచిది అని అడిగితే కౌన్సెలర్ "మంత్ ఎండ్ అంటే ఏంటి మేడమ్?" అన్నాడు. వర్కింగ్ ప్రొఫెషనల్స్ స్పెషల్ బ్యాచ్ అమ్మే మనిషి! మీరు వెళ్లినప్పుడు ఈ ప్రశ్న అడిగి చూడండి, ఎదుటివాళ్ల సరుకు తెలిసిపోతుంది. కింది స్థాయి పేపర్లు కొన్నిటిని సెషన్‌తో పని లేకుండా మనకి వీలైన రోజు రాయొచ్చని కూడా వాళ్లే చెప్పాలి.

పాస్ గ్యారంటీ, ఫెయిలైతే ఫీజు వాపస్ అని బోర్డు ఉంది. షరతులు వెనక పేజీలో ఉన్నాయి: లైవ్ క్లాసులకి 90 శాతం హాజరు, అన్ని మాక్ టెస్టుల్లో 60 పైన మార్కులు. రికార్డింగ్ చూస్తే హాజరు కింద రాదు. అంటే జాబ్ చేసేవాళ్లలో ఒక్కరికీ ఆ గ్యారంటీ అందదు. పర్ఫార్మెన్స్ మేనేజ్‌మెంట్, ఆడిట్ లాంటి పేపర్లలో ప్రపంచం మొత్తం మీద పాసయ్యేవాళ్లు సగానికి లోపే ఉంటున్నారు, ఏసీసీఏ ప్రతి సెషన్ తర్వాత ఆ శాతాలు ప్రకటిస్తుంది. అలాంటి పరీక్షకి గ్యారంటీ ఏమిటి? కోచింగ్ సెంటర్లు ఇలా సెలెక్షన్ గ్యారంటీ, జాబ్ గ్యారంటీ అని ప్రకటనలు ఇవ్వకూడదని 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. బోర్డు ఫోటో తీసి పెట్టుకోండి, ఫిర్యాదుకి పనికొస్తుంది.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ల కోసం నేను చేసింది రాస్తున్నాను. ముందు ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్లు మానేసి మెయిల్ పెట్టాను. ఏ తేదీన ఏ క్లాస్ రద్దయిందో వాట్సాప్ గ్రూప్ స్క్రీన్‌షాట్లతో సహా. గ్రూప్‌లోంచి తీసేయక ముందే చాట్ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, అడిగినవాళ్లని తీసేస్తున్నారు. రసీదు చూస్తే బోర్డు మీద పేరు ఒకటి, బిల్లు మీద కంపెనీ ఇంకొకటి. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే అసలు పేరు వస్తుంది, ఫిర్యాదు ఆ పేరు మీదే ఉండాలి. తర్వాత 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. అప్పటిదాకా పలకని మేనేజర్ ఆ తర్వాత తనే ఫోన్ చేసి, సగం డబ్బు ఇస్తాం, గూగుల్‌లో రాసిన రివ్యూ తీసేయండి అన్నాడు. కాగితం మీద ఇవ్వమంటే ఇవ్వలేదు, నేనూ తీయలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, మనం ఉండే చోటే వేయొచ్చు. సమస్య మొదలైన దగ్గర్నుంచి రెండేళ్ల లోపు వేయాలి.

ఫైనాన్స్ కంపెనీకి వేరుగా రాయాలి. లోన్ కాదని చెప్పి అమ్మారని, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ముందు ఇవ్వలేదని రాసి, కంప్లయింట్ నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఆర్‌బీఐ సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారికి) పెట్టొచ్చు. వివరాలకి 14448కి ఫోన్ చేయండి. నాది ప్రస్తుతం అక్కడే ఉంది.

కోపంతో బ్యాంకుకి వెళ్లి ఆటో డెబిట్ ఆపేయకండి. మా బ్యాచ్‌లో ఇద్దరు అలా చేశారు. బౌన్స్ చార్జీలు పడ్డాయి, సిబిల్ స్కోరు పడిపోయింది, రికవరీ వాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. అందులో ఒకరు హోమ్ లోన్‌కి అప్లై చేసుకుని ఉన్నారు, అది ఆగిపోయింది. నిర్ణయం వచ్చేదాకా వాయిదాలు కడుతూ, ప్రతి మెయిల్‌లోనూ "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాయండి. అమీర్‌పేట బ్రాంచ్‌లో పోయిన ఏడాది వీకెండ్ బ్యాచ్‌లో చేరినవాళ్లు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ చేయండి. ఎక్కువమందిమి కలిస్తే కమిషన్‌లో ఉమ్మడిగా ఒకే ఫిర్యాదు వేయడానికి అనుమతి అడగొచ్చు.