ఫ్యూజీనెట్: అటారీకి ఇంటి సర్వర్ నుంచే డిస్కులు

ఫ్యూజీనెట్ అంటే పాత అటారీ హోం కంప్యూటర్‌కి తగిలించే చిన్న వైఫై పెట్టె. అది ప్రింటర్‌గా పనిచేస్తుంది, మోడెమ్‌గా పనిచేస్తుంది, అటారీకి ఎనిమిది డిస్క్ డ్రైవులుగా కనిపిస్తుంది. ఇవన్నీ ఇక్కడ వదిలేస్తున్నాను. నేను రాసేది ఒక్క సౌకర్యం గురించి. ఇంట్లోనే ఒక టీఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు అందించేది) పెట్టుకుని, అందులో పడేసిన డిస్క్ ఇమేజ్‌ని, అంటే ఫ్లాపీ మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసినదాన్ని, వైఫై మీదుగా నేరుగా అటారీలో బూట్ చెయ్యడం. దీనికోసమే ఆ పెట్టె కొన్నాను, ఇప్పటికీ దీనికోసమే వాడుతున్నాను. నాకు అంత నచ్చింది. మధ్యలో నన్ను ఏడిపించిందీ ఇదే.

మేముండేది డాలస్ దగ్గర. నా అటారీ 800ఎక్స్‌ఎల్ ఇక్కడే ఒక ఎస్టేట్ సేల్‌లో దొరికింది. దాంట్లో ఆటలు ఆడేది తక్కువ, తెలుగు అక్షరాలు చూపించే ప్రోగ్రాం రాసుకునేది ఎక్కువ. అటారీలో అక్షరాల ఆకారాలు మనం మార్చుకోవచ్చు. మొత్తం 128 అక్షరాలు, ఒక్కోదానికి 8 బైట్లు. ఆ 1024 బైట్లు మెమరీలో ఒకచోట పెట్టి, 756వ చిరునామాలో ఆ చోటి పేజీ నంబరు పోక్ చేస్తే, అంటే నేరుగా రాస్తే, తెర మీద అక్షరాలన్నీ మనవి అయిపోతాయి. 8 చుక్కల గడిలో 'ర' హాయిగా కూర్చుంటుంది. 'ఘ' కూర్చోదు, దానికి పక్కపక్కనే రెండు గడులు కావాలి. వత్తు పడితే కింద ఇంకోటి.

ఇదంతా లాప్‌టాప్‌లో అటారీని అనుకరించే ఎమ్యులేటర్‌లో చేసుకోవచ్చు కదా అంటారు. చేశాను, చాలదు. నా దగ్గరున్నది అమెరికా మోడల్ మెషీన్, పాత ట్యూబ్ టీవీ. ఆ తెర మీద నిలువు గీత ఒక్క చుక్క మందంగా ఉంటే అది తెల్లగా రాదు, రంగు తేలుతుంది. లాప్‌టాప్‌లో ముచ్చటగా కనిపించిన 'మ' టీవీలో ఒకవైపు నీలంగా, ఇంకోవైపు గోధుమరంగుగా విరిగి కనిపించింది. గీత రెండు చుక్కలు చేస్తే రంగు పోతుంది, కానీ అక్షరం లోపలి ఖాళీ పూడిపోతుంది. అందుకని ఒక్కో అక్షరాన్నీ దిద్దుకుంటూ అసలు టీవీలోనే చూసుకోవాలి. చిన్న మార్పు చెయ్యడం, చూడటం, మళ్ళీ మార్చడం, ఇదే పని.

ఫ్యూజీనెట్ విలువ నాకు తెలిసింది ఇక్కడే. ఇంతకుముందు ఎస్‌డీ కార్డు లాప్‌టాప్‌లోంచి తీసి, మెట్లు దిగి, అటారీ దగ్గర పెట్టి, చూసి, మళ్ళీ పైకి తెచ్చేవాణ్ణి. ఇప్పుడు లాప్‌టాప్‌లో అటారీ ప్రోగ్రాం తయారుచేసే క్రాస్ అసెంబ్లర్ పని అయిపోగానే చిన్న స్క్రిప్టు ఒకటి ఏటీఆర్ ఫైల్‌ని (అటారీ డిస్క్ ఇమేజ్) నా సర్వర్ నడిచే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పైలోని ఫోల్డర్‌లోకి కాపీ చేస్తుంది. కింద అటారీ స్విచ్ వేస్తే ఫ్యూజీనెట్ సెట్టింగుల కాన్ఫిగ్ తెర వస్తుంది, ఏ సర్వర్‌లోని ఏ ఇమేజ్ ఎన్నో డ్రైవులో ఉండాలో అది గుర్తుపెట్టుకునే ఉంటుంది. ఆప్షన్ కీ నొక్కడమే నా పని. ఆ కీని అలాగే పట్టుకుంటే అటారీ లోపలుండే బేసిక్ భాష కూడా పక్కకి తప్పుకుంటుంది, నా ప్రోగ్రాంకి అదే కావాలి. నారింజ రంగు దీపం మినుకుమంటుంది, టీవీలోంచి బీప్ బీప్ మని ఆ పాత డిస్క్ చప్పుడు మొదలవుతుంది, కొత్త 'మ' తెర మీదికి వస్తుంది. పని మధ్యలో ఆలోచన తెగదు. ఈ సుఖం వేరే ఏ పరికరంలోనూ నాకు దొరకలేదు.

అటారీలో ఒక్క బైటు కూడా మార్చకుండా ఇది ఎలా కుదిరిందంటే, ఆ పుణ్యం 1979 నాటి ఎస్‌ఐఓ బస్‌ది. డ్రైవు, ప్రింటరు, క్యాసెట్ అన్నీ ఒకే 13 పిన్నుల తీగ మీద వరసగా ఉంటాయి. కంప్యూటర్ ఫలానా నంబరు పరికరమని పిలుస్తుంది, ఆ నంబరు ఎవరిదైతే వాళ్ళు పలుకుతారు. అవతల తిరిగేది అయస్కాంతం పూసిన డిస్కా, గాలిలోంచి వచ్చిన ప్యాకెట్టా అన్నది దానికి అక్కర్లేదు. ఈ బస్‌ని రూపొందించిన అటారీ ఇంజినీరు జో డెక్యూర్ తర్వాతి కాలంలో యూఎస్‌బీ పనిలోనూ ఉన్నారు. టీఎన్‌ఎఫ్‌ఎస్ మాత్రం అటారీవాళ్ళది కాదు, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంకో పాత కంప్యూటర్ కోసం వచ్చిన స్పెక్ట్రానెట్ నెట్‌వర్క్ కార్డుతో పుట్టింది. మన దేశంలో లైసెన్సు మీద తయారైన డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ ఎవరింట్లోనైనా ఇంకా బతికుంటే, వాళ్ళు చూడాల్సింది ఆ కార్డు వైపు.

వేగం గురించి ఒక మాట. నెట్‌వర్క్ అనగానే క్షణంలో లోడవుతుందని అనుకోవద్దు. అటారీలో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ సెకనుకి 19,200 బిట్ల లెక్కనే అడుగుతుంది, ఫ్యూజీనెట్ దానికి తగ్గట్టే జవాబిస్తుంది. స్పార్టాడాస్ ఎక్స్ లాంటి వేరే డిస్క్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే వేగం పెరుగుతుంది. నా ప్రోగ్రాం చిన్నది కాబట్టి నాకు తేడా తెలీదు. పెద్ద ఆట అయితే 90 కేబీ డిస్కు మొత్తం చదవడానికి ఒరిజినల్ డ్రైవుతో పట్టినంత సేపు పట్టినా ఆశ్చర్యపోవద్దు.

ఇక అసలు సంగతి.

పోయిన చలికాలం ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళు వచ్చి పాత రౌటర్ తీసుకుపోయి కొత్తది పెట్టి వెళ్ళారు. ఫోన్లు, టీవీ, లాప్‌టాప్‌లు అన్నీ గంటలో కలిసిపోయాయి. సాయంత్రం అటారీ ఆన్ చేస్తే కాన్ఫిగ్ తెర వచ్చింది, అది పెట్టె లోపలే ఉంటుంది కాబట్టి రావడంలో వింత లేదు. కానీ వైఫై తెల్లదీపం వెలగలేదు. జాబితాలో మా ఇంటి నెట్‌వర్క్ పేరు కనిపిస్తోంది, పాస్‌వర్డ్ కొడితే మాత్రం కలవడం లేదు.

ఫ్యూజీనెట్ లోపల ఉన్నది ఈఎస్‌పీ32 చిప్. దానికి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప ఇంకోటి తెలీదు. కొత్త రౌటర్ 2.4నీ 5నీ ఒకే పేరు కింద కలిపేసి, వైఫై భద్రతని కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3కి పెట్టేసింది. మార్చుకుందామంటే యాప్‌లో ఆ మీటలే లేవు. అన్నీ మీకోసం మేమే చూసుకుంటాం అన్న ధోరణి ఆ యాప్‌ది. మన ఇంట్లో, మనం నెలనెలా డబ్బు కట్టే పెట్టెలో ఏ బ్యాండ్ వాడాలో మనం చెప్పుకోలేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అతిథుల కోసం ఉండే గెస్ట్ నెట్‌వర్క్‌కి మాత్రం పాత పద్ధతి డబ్ల్యూపీఏ2 పెట్టుకోనిచ్చింది. పెట్టాను. పాస్‌వర్డ్‌లో ఉత్త అక్షరాలూ అంకెలే ఉంచాను. మీరూ అలాగే ఉంచండి, అటారీ కీబోర్డులో మీసాల బ్రాకెట్ల లాంటి గుర్తులు లేవు. తెల్లదీపం వెలిగింది. బయటి టీఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ తెరిస్తే ఫోల్డర్లన్నీ వచ్చాయి, ఒక ఆట బూట్ చేస్తే చక్కగా నడిచింది. ప్రాణం కుదుటపడింది అనుకుని ఇంటి సర్వర్ తెరిచాను. జవాబు లేదు.

లాప్‌టాప్ నుంచి చూస్తే రాస్ప్‌బెర్రీ పై బతికే ఉంది, సర్వర్ ప్రోగ్రాం నడుస్తోంది. ప్రపంచం అవతలున్న సర్వర్ పలుకుతుంది, మెట్ల పైన గదిలో ఉన్నది పలకదు. కారణం గెస్ట్ నెట్‌వర్క్ పద్ధతే. అందులో చేరినవాళ్ళకి ఇంటర్నెట్ మాత్రం ఇస్తారు, ఇంటి లోపలి పరికరాలకి అడ్డుగోడ కడతారు. అతిథులు మన ఫైళ్ళు చూడకూడదు కదా, అది న్యాయమే. సరే, రాస్ప్‌బెర్రీ పైని కూడా గెస్ట్‌లోనే చేరుద్దామని చేర్చాను. అక్కడా కుదరలేదు. ఆ రౌటర్ గెస్టుల మధ్య కూడా గోడ కడుతుంది, ఒక గెస్టు ఇంకో గెస్టుతో మాట్లాడకూడదు.

చివరికి అటకెక్కించిన పాత వైఫై రౌటర్ ఒకటి దించాను. దాంట్లో ఐపీ చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ఆపేసి, కొత్త రౌటర్‌కి ల్యాన్ తీగతో కలిపి, వైఫై మాత్రం అందించే ఉత్త యాక్సెస్ పాయింట్‌గా పెట్టాను. 2.4 గిగాహెర్ట్జ్, డబ్ల్యూపీఏ2, దానికంటూ వేరే పేరు. ఫ్యూజీనెట్ వెంటనే చేరింది. ఇంటి సర్వర్ అప్పటికీ రాలేదు! ఈసారి కారణం చిన్నది. కొత్త రౌటర్ ఇంట్లో అందరికీ కొత్త ఐపీ చిరునామాలు పంచింది, కాన్ఫిగ్‌లో ఉన్నది రాస్ప్‌బెర్రీ పై పాత చిరునామా. దాన్ని దిద్ది, రౌటర్‌లో రాస్ప్‌బెర్రీ పైకి ఆ కొత్త చిరునామానే ఖాయం చేశాక ఫోల్డర్ తెరుచుకుంది. నా అక్షరాల డిస్కు మళ్ళీ బీప్ మంది.

ఈ గొడవలో ఒక మేలు జరిగింది. ఆ బీపుల్ని చెవితో చదవడం అలవాటయింది. టీఎన్‌ఎఫ్‌ఎస్ మామూలుగా యూడీపీ అనే పద్ధతి మీద నడుస్తుంది, ప్యాకెట్ దారిలో పోతే మళ్ళీ అడగాలి. సిగ్నల్ బాగుంటే చప్పుడు ఒకే లయలో సాగుతుంది, బలహీనంగా ఉంటే నాలుగు బీపులు పడి, ఆగి, మళ్ళీ అందుకుంటుంది. యాక్సెస్ పాయింట్ ఎక్కడ పెట్టాలో ఫోన్‌లో గీతలు చూసి కాదు, ఈ చప్పుడు విని నిర్ణయించాను. చప్పుడు వద్దనుకునేవాళ్ళు 65వ చిరునామాలో సున్నా పోక్ చేసుకోవచ్చు. నేను చెయ్యను.

ఇంటి సర్వర్ వాడేవాళ్ళు ఇంకోటి గమనించాలి. బిల్డ్ స్క్రిప్టు పాత ఏటీఆర్‌ని తీసేసి అదే పేరుతో కొత్త ఫైల్ పెడితే, సర్వర్ చేతిలో తెరిచి ఉన్నది పాత ఫైలే. అప్పుడు రీసెట్ కొట్టినా పాత ప్రోగ్రామే వస్తుంది. స్విచ్ ఆపి వేసి, ఇమేజ్‌ని మళ్ళీ మౌంట్ చేస్తే, అంటే డ్రైవులో మళ్ళీ పెడితే సరి.

అయితే పైన అంతగా మెచ్చుకున్నాను కానీ, ఆ మెచ్చుకోలుకి నా పరిస్థితి కలిసొచ్చింది. నా ఇంటి తీగలు నా చేతిలో ఉన్నాయి, అటక మీద పాత రౌటర్ ఉంది, సర్వర్ నడపడం నాకు ఉద్యోగంలో రోజూ చేసే పనే. రోజూ మారే ప్రోగ్రాం ఉంది కాబట్టి సర్వర్ వల్ల నాకు లాభం కనిపిస్తోంది. పూర్తయిన ఆటలు ఆడుకునేవాళ్ళకి ఇంత లాభం ఉంటుందని చెప్పలేను. రాసిపెట్టుకోవాల్సిన డిస్కు ఉంటే మౌంట్ చేసేటప్పుడు చదవడం, రాయడం రెండూ ఉన్న పద్ధతి ఎంచుకోవాలి, బయటి సర్వర్లలో చాలావరకు అది కుదరదు.

రౌటర్ కథ విన్నాక ఇక్కడే అపార్ట్‌మెంట్‌లో ఉండే మా తమ్ముడి వరస కుర్రాడు అడిగాడు:

"అన్నా, ఇంత తిప్పలు ఎందుకు? ఆ పెట్టెలోనే ఎస్‌డీ కార్డు పెట్టుకోవచ్చుగా?"

"నాకు రోజూ మార్పులుంటాయిరా, కార్డుతో పైకీ కిందికీ తిరగలేను. మీ వైఫై ఎలా కలుస్తుంది?"

"బ్రౌజర్‌లో పేజీ వస్తుంది, ఫ్లాట్ నంబరు కొట్టాలి."

"అయితే నీకు కార్డే. అటారీలో ఆ పేజీ తెరవలేవు."

వాడు తనకి కావాల్సిన ఆటల పేర్లు పంపించాడు. మా ఇంట్లో కాన్ఫిగ్ నుంచే ఆ ఇమేజ్‌లు కార్డులోకి కాపీ చేసి ఇచ్చాను. వాడి 800ఎక్స్‌ఎల్‌కి ఇంకా పాత పవర్ అడాప్టర్లలో ఇంగాట్ అని పిలిచే దిమ్మ ఉంది. పాడైతే ఎక్కువ వోల్టేజీ పంపి మెమరీ చిప్పుల్ని కాల్చేసే రకం అది. ఫ్యూజీనెట్ కంటే ముందు మంచి 5 వోల్టుల అడాప్టర్ కొనమని చెప్పాను. అది వచ్చాక వాడి మెషీన్‌లో కార్డు పెట్టి చూడాలి.