ఫైర్ సిరంజి: ఏళ్ల తరబడి క్లాసులో వాడాక నా మాట

ఇంటర్ ఫస్టియర్‌లో ఉష్ణగతిక శాస్త్రం చెప్పేటప్పుడు పిల్లల కళ్ల ముందు పెట్టడానికి పెద్ద సరంజామా ఏమీ ఉండదు. నాకు ఏళ్లుగా ఆ లోటు తీరుస్తున్నది ఫైర్ సిరంజి. అడుగు మూసిన మందపాటి పారదర్శక గొట్టం, రబ్బరు రింగులు తొడిగిన పిస్టన్, అంతే. అడుగున చిటికెడు దూది వేసి పిస్టన్‌ని ఒక్క ఉదుటున దింపితే దూది భగ్గుమంటుంది. లోపల ఏదో మందు పెట్టారని వెనక బెంచీ నుంచి ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అంటారు.

మంట సరే, అది అందరూ చూపిస్తారు. నేను దాని వెంటనే ఇంకోటి చేస్తాను. మళ్లీ దూది పెట్టి, పిస్టన్‌ని ఈసారి నింపాదిగా అదే లోతు దాకా నొక్కుతాను. గాలి 15వ వంతుకు కుదించుకుపోయినా, పీడనం దాదాపు 15 రెట్లయి చెయ్యి లాగేస్తున్నా, దూది చెక్కుచెదరదు. మనం చేసిన పని వేడిగా మారి గొట్టం గోడల్లోంచి బయటికి పోయింది. ఉష్ణోగ్రత మారలేదు కాబట్టి గాలి అంతర్గత శక్తీ (అణువుల కదలికలో ఉన్న శక్తి) మారలేదు. పీడనం పెరిగితే అంతర్గత శక్తి పెరిగినట్టే అనుకునే పిల్లలకి ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

లెక్క కూడా బోర్డు మీద వేయిస్తాను. గొట్టంలో పట్టేది సుమారు 6 మి.లీ. గాలి. 300 కెల్విన్ల దగ్గర దాని అంతర్గత శక్తి 1.5 జౌళ్లు. స్థిరోష్ణకంగా, అంటే వేడి బయటికి పోయే వ్యవధి ఇవ్వకుండా ఒక్క ఉదుటున, 15వ వంతుకు కుదిస్తే ఉష్ణోగ్రత 880 కెల్విన్లు దాటుతుంది, అంతర్గత శక్తి 4.5 జౌళ్లకు చేరుతుంది. తేడా 3 జౌళ్లు. కిలో బెల్లం దిమ్మని అడుగు ఎత్తు లేపినంత పని! అంత కొంచెం గాలి కాబట్టే ఆ కాస్త పనికే అంత వేడెక్కింది.

ఈ సిరంజి చూపించలేనిదీ ఒకటుంది. 1845లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జేమ్స్ జౌల్ 22 వాతావరణాల పీడనంలో ఉన్న గాలిని ఖాళీ పాత్రలోకి వదిలితే చుట్టూ ఉన్న నీటి ఉష్ణోగ్రత మారలేదు. అంతర్గత శక్తికి ఉష్ణోగ్రతతోనే తప్ప ఘనపరిమాణంతో పనిలేదనడానికి ఆ ప్రయోగమే కావాలి, దాన్ని నోటితో చెప్పుకోవాల్సిందే. గాలి లాంటి నిజ వాయువులో అతి స్వల్పంగా తేడా వస్తుంది, అంత నీటిలో అది కనబడదు.

ఇక వాడకం సంగతి. ఒకసారి మండాక లోపల ఆక్సిజన్ ఉండదు. పిస్టన్ తీసి గాలి ఊది మార్చకపోతే రెండోసారి అంటుకోదు. వానాకాలంలో దూదిని ముందే ఎండబెట్టుకోవాలి. స్పిరిట్ చుక్క వేద్దామన్న ఆలోచనే వద్దు, గొట్టం పేలే ప్రమాదం ఉంది. రింగులు తరచూ అరిగిపోతాయి. సిలికాన్ గ్రీజు రాస్తే కొంత కాలం ఆగుతాయి, కానీ నా సిరంజి అమ్మినవాళ్ల దగ్గర విడి రింగులు దొరకలేదు, హార్డ్‌వేర్ షాపులో కొలత చూసి తెచ్చుకున్నాను. కొనేటప్పుడే రెండు జతలు అదనంగా అడగండి.