పెదవులు మాత్రమే కదిపే ప్రతిపక్షం

ప్రజల డబ్బుతో నడిచే ఒక ప్రసార సంస్థ రాత్రి వార్తలను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. పేరు చెప్పను, చెప్పినా పెద్ద తేడా ఉండదు. అరుపులు లేవు, తొందర లేదు, ఉచ్చారణ శుభ్రం. కడుపులో చల్ల కదలకుండా కూర్చుని లోకం సంగతులు తెలుసుకోవచ్చు. నా కోపమంతా ఒక్క విషయం మీదే. ఆ వార్తల్లో మంత్రులు మాట్లాడతారు, ప్రతిపక్ష నాయకులు పెదవులు కదుపుతారు.

మంత్రిగారి బైట్, అంటే ఆయన మాట్లాడిన ముక్క, ఆయన గొంతులోనే వస్తుంది. ఆయన ఎక్కడ ఆగారో, ఎక్కడ స్వరం పెంచారో అన్నీ వినపడతాయి. ప్రతిపక్షం వంతు వచ్చేసరికి తెర మీద ఒక మనిషి చేయి ఊపుతూ కనిపిస్తారు, శబ్దం ఉండదు. వెనక నుంచి న్యూస్ రీడర్ "ప్రతిపక్షం ఈ నిర్ణయాన్ని వ్యతిరేకించింది" అని చదివి తరువాతి వార్తకు వెళ్లిపోతారు. ఎందుకు వ్యతిరేకించిందో మనమే ఊహించుకోవాలి.

ఇది చాలాకాలం నాకు చిన్న చికాకుగానే ఉండేది. పింఛన్ల లెక్కింపు మార్చే బిల్లు సభకు వచ్చిన రోజున అది చికాకు స్థాయి దాటింది. నా పింఛను కూడా అందులో పడుతుంది కాబట్టి ఆ రోజు సభ ప్రత్యక్ష ప్రసారాన్ని కదలకుండా చూశాను. చర్చ మధ్యలో ప్రతిపక్ష సభ్యురాలు ఒకరు లేచి చాలా సూటిగా అడిగారు: ఇప్పటికే ఉద్యోగ విరమణ చేసినవారికి కొత్త లెక్క వర్తిస్తుందా, వర్తిస్తే ఏ తేదీ నుంచి? మంత్రి పథకం గొప్పతనం గురించి మాట్లాడారు, గత ప్రభుత్వం గురించి మాట్లాడారు, తేదీ మాత్రం చెప్పలేదు. ఆమె మళ్లీ అడిగారు. సభలో గోల మొదలైంది, బిల్లు గట్టెక్కింది.

రాత్రి బులెటిన్‌లో అదే మొదటి వార్త. మంత్రి బైట్ ఒకటి, కాసేపటికి ఇంకొకటి. ఆ సభ్యురాలు కాగితం పట్టుకుని నిలబడిన దృశ్యం చూపించారు, శబ్దం లేకుండా. "గందరగోళం మధ్య బిల్లు ఆమోదం పొందింది" అన్నారు. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ ప్రశ్న పోయింది. ప్రశ్న పోయింది కాబట్టి, దానికి జవాబు రాలేదన్న సంగతి కూడా దాంతోపాటే పోయింది. నేను మొదట మెచ్చుకున్న నిదానం ఇక్కడే ఇబ్బంది పెట్టింది. అరిచే ఛానల్ ఎటు మొగ్గుతోందో వెంటనే తెలిసిపోతుంది, మనం జాగ్రత్తపడతాం. ఇంత మృదువుగా చదివితే ఏదో తప్పిపోయిందన్న అనుమానమే రాదు.

ఫిర్యాదు రాశాను. జవాబు త్వరగానే, మర్యాదగానే వచ్చింది, ఆ మాత్రం ఒప్పుకోవాలి. అధికార పక్షానికి, ప్రతిపక్షానికి దాదాపు సమాన సమయం ఇచ్చామన్నారు. రికార్డింగు పెట్టి చూస్తే లెక్క నిజమే. మూగ దృశ్యాన్ని కూడా ప్రతిపక్షం ఖాతాలోనే వేశారు!

ఫ్రాన్స్‌లో అధ్యక్ష ఎన్నికల వేళ ఈ సమయాన్ని రెండు పద్దులుగా లెక్కిస్తారు. అభ్యర్థి, ఆయన తరఫువారు స్వయంగా మాట్లాడిన సమయం ఒక పద్దు. దానికి వారి గురించి చానల్ చెప్పినదాన్ని కూడా కలిపితే వచ్చేది ఇంకో పద్దు. ప్రైవేటు చానళ్లకూ ఇదే నిబంధన. దీన్ని చూసుకునే నియంత్రణ సంస్థ పేరు ఆర్కామ్. నేను అడిగేది ఆ మొదటి పద్దు గురించే.

ఎవరి గొంతు వినిపించాలన్న గొడవ కొత్తదేమీ కాదు. 1926 మేలో బ్రిటన్‌లో సార్వత్రిక సమ్మె జరిగినప్పుడు పత్రికలు చాలావరకు ఆగిపోయాయి, రేడియోయే దిక్కు. ప్రధాని బాల్డ్విన్ బీబీసీలో మాట్లాడారు. లేబర్ నాయకుడు రామ్సే మెక్‌డొనాల్డ్ తనకూ అవకాశమిమ్మని అడిగితే ప్రభుత్వం ఒప్పుకోలేదు, అప్పటి అధిపతి జాన్ రీత్ దానికి తలొగ్గారు. మన దగ్గర 2017 ఆగస్టు 15న త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగాన్ని మార్చమని ఆకాశవాణి, దూరదర్శన్ కోరాయని, ఆయన ఒప్పుకోకపోవడంతో ప్రసారం చేయలేదని ఆ రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. బ్రిటన్‌లో అప్పుడు, మన దగ్గర 2017లో అధికారంలో ఉన్న పార్టీలు వేరు, పద్ధతి మాత్రం దగ్గరిదే.

నా మిత్రుడొకాయన అధికార పక్షాన్ని గట్టిగా సమర్థిస్తారు. ఆయనా అదే బులెటిన్ చూసి మండిపడ్డారు: "అంత మంచి బిల్లు వస్తే, ఆ గోల ఎందుకు చూపించాలండీ?" దీని మీద పరిశోధనే ఉంది. 1985లో వలోన్, రాస్, లెపర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1982లో లెబనాన్ రాజధాని బీరుట్‌లో జరిగిన పాలస్తీనా శరణార్థుల ఊచకోత మీద వచ్చిన టీవీ వార్తలను ఇజ్రాయెల్ అనుకూలురకు, అరబ్బుల అనుకూలురకు చూపించారు. అవే వార్తలు తమకు వ్యతిరేకంగా ఉన్నాయని రెండు వర్గాలూ అన్నాయి. ప్రసార సంస్థలకు ఇలాంటివి భలే ఇష్టం. ఇద్దరూ తిడుతున్నారంటే మేము సరిగ్గా మధ్యలో ఉన్నట్టే అని చెప్పుకోవచ్చు. నాకది రుచించదు. మా ఇద్దరి మనసుల సంగతి ఎలా ఉన్నా, ప్రశ్న బులెటిన్‌లో ఉందో లేదో రికార్డింగు చూసి తేల్చవచ్చు కదా.

గొంతు వినిపిస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. 2021 జనవరి 6 నాటి ట్రంప్ ప్రసంగంలో దాదాపు గంట ఎడంగా ఉన్న మాటలను బీబీసీ ఒక డాక్యుమెంటరీలో కలిపి అతికించింది. ఆ వివాదం రేగాక 2025 నవంబరులో డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ, వార్తా విభాగం అధిపతి డెబోరా టర్నెస్ రాజీనామా చేశారు. అక్కడ గొంతు అసలు మనిషిదే, కత్తెర వేరేవాళ్లది.

ఇంత తిట్టాక ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఆ ప్రశ్న నాకు తెలిసింది కూడా ఈ సంస్థ ప్రత్యక్ష ప్రసారం వల్లే. మొత్తం రికార్డింగు వాళ్ల దగ్గరే భద్రంగా ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. పగలు దాచనిదాన్ని రాత్రి ఎందుకు మూగబోయేలా చేస్తారో అంతుబట్టదు. పగలంతా సభ చూసే తీరిక పింఛనుదారుకు ఉంటుంది, ఉద్యోగానికి పోయేవారికి ఎక్కడిది?

అందుకే ఈ బులెటిన్ చూడమనో, మానమనో చెప్పలేను. నాకు అరుపులు పడవు, మా అమ్మకు వినికిడి తగ్గింది, ఇంత నిదానంగా చదివేవారు ఇంకెక్కడా లేరు, కాబట్టి మా ఇంట్లో ఇది ఆగదు. మీ జీతానికో భూమికో తగిలే బిల్లు సభలో ఉంటే మాత్రం దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి, మర్నాడు రెండు పత్రికలైనా తిరగేయండి. నేను రెండో ఫిర్యాదు పంపాను. ఈసారి మొత్తం సమయం అడగలేదు. ఎవరి సొంత గొంతు ఎన్ని సెకన్లు వినిపించిందో విడిగా చెప్పమన్నాను. మొదటి ఉత్తరానికి వచ్చినంత త్వరగా దీనికి జవాబు రాలేదు.