పాత డాక్టర్ల డైరెక్టరీ స్కాన్లు: సరుకు బంగారం, సెర్చ్ మాత్రం గోవిందా

ఒక యూనివర్సిటీ లైబ్రరీ ఫ్రీగా పెట్టిన అమెరికన్ మెడికల్ డైరెక్టరీ స్కాన్లు రెండు నెలలుగా వాడుతున్నా. నార్త్ కరోలినాలో నల్లజాతి డాక్టర్లు ఏ ఊళ్లో ఎంతమంది ఉండేవాళ్లో మ్యాప్ మీద చుక్కలు పెడదామని మొదలెట్టా. 5కి 4 ఇస్తా.

1906 నుంచి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వేసిన లావుపాటి పుస్తకాలివి. రాష్ట్రం, దాని కింద ఊరు, ఊరి కింద డాక్టర్ల పేర్లు, పుట్టిన ఏడాది, ఏ కాలేజీలో ఎప్పుడు పాసయ్యాడో చిన్న కోడ్. నల్లవాళ్ల పేరు పక్కన మాత్రం సీ, ఓ, ఎల్ అని మూడక్షరాలు, అంటే ‘కలర్డ్’ అని, 1930ల చివరిదాకా ఇదే వరస. తెల్లవాళ్లకి ఏ గుర్తూ లేదు, వాళ్లు ఉత్త డాక్టర్లంతే. అవమానంగా పెట్టిన ఆ గుర్తే ఇవాళ నా మ్యాప్‌కి దిక్కు, ఏం చేస్తాం.

నాకు బాగా పట్టేసింది కాలేజీ కోడ్. 1910లో మెడికల్ కాలేజీల్ని తనిఖీ చేసి రాసిన ఫ్లెక్స్‌నర్ రిపోర్ట్ ఏడు నల్లజాతి మెడికల్ కాలేజీల్లో హోవార్డ్, మెహారీ రెండూ ఉంటే చాలంది, ఆ ఏడింట్లో ఒకటైన, నార్త్ కరోలినా రాలీలో ఉన్న లియొనార్డ్ 1918లో మూతపడింది. ఆ తర్వాతి వాల్యూమ్‌లు వరసగా తిప్పండి, లియొనార్డ్ కోడ్ ఉన్నవాళ్లంతా ముసలాళ్లవుతూ ఉంటారు, ఒక్కొక్క పేరే రాలిపోతుంది, కొత్త కుర్రాడు ఒక్కడూ రాడు.

ఇక కట్ చేసిన ఆ ఒక్క స్టార్ సెర్చ్‌కి. ఆ మూడక్షరాలు కొడితే కొలరాడో వస్తుంది, కాలేజీలన్నీ వస్తాయి, కావాల్సినవాళ్లు తప్ప అందరూ వస్తారు, పైగా చిన్న అచ్చు కదా, మెషిన్ సీని ఈ అని చదివేసి సగం పేర్లు మింగేసింది. రెండు వారాలు పోయాక బుద్ధొచ్చి ఊరి పేజీ తెరిచి కళ్లతోనే చూసుకుంటున్నా, డౌటొస్తే 1910, 1920 జనాభా లెక్కల్లో జాతి కాలమ్‌తో సరిచూసుకుంటున్నా.

ఇంకోటి, ఇది సైట్ తప్పు కాదు. 1940ల వాల్యూమ్‌లకి వచ్చేసరికి గుర్తు లేదు, నా చుక్కలన్నీ మాయం. ఆస్పత్రుల్లో నల్లవాళ్లకి వేరు గుమ్మాలు మాత్రం అలాగే ఉన్నాయి, ఆస్పత్రులు కట్టడానికి ప్రభుత్వ నిధులిచ్చే 1946 హిల్-బర్టన్ చట్టం అలాంటి ఆస్పత్రులకి కూడా డబ్బులిచ్చింది, 1963లో గ్రీన్స్‌బోరో ఆస్పత్రి కేసులో చట్టంలోని ఆ వెసులుబాటుని కోర్టు కొట్టేసేదాకా. ఆ మధ్య ఏళ్లకి హోవార్డ్, మెహారీ కోడ్లు చూసి అంచనా వేస్తున్నా, ఇంకో నెల పట్టేలా ఉంది.