ఖాళీ కడుపుతో మద్యం, భోజనం తర్వాత మద్యం

ఖాళీ కడుపుతో తాగితే మద్యం త్వరగా చిన్నపేగుకు చేరి రక్తంలో కలుస్తుంది. అసలు ప్రమాదం కాలేయంలో ఉంది. మద్యాన్ని విచ్ఛిన్నం చేసే పనిలో పడ్డ కాలేయం కొత్త గ్లూకోజ్‌ను సరిగా తయారుచేయలేదు. ఉపవాసంతో గ్లైకోజన్ (కాలేయం దాచుకునే చక్కెర) నిల్వ కూడా తరిగిపోతే, రక్తంలో చక్కెర పెంచే గ్లూకగాన్ హార్మోన్ ఎంత ప్రేరేపించినా రక్తంలోకి తగినంత చక్కెర రాదు. ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ (చక్కెర తగ్గించే మాత్ర) వాడే మధుమేహులకు ఇది ప్రాణాంతకం కావచ్చు. చక్కెర పడిపోయి వచ్చే చెమటలు, తడబాటు చూసి పక్కవారు మత్తనుకుంటారు. దయచేసి అలా వదిలేయకండి, వెంటనే రక్తంలో చక్కెర చూడండి.

భోజనం తర్వాతైతే మద్యం నెమ్మదిగా రక్తంలోకి చేరుతుంది. కానీ అందులోని ఆల్కహాల్ గ్రాముకు 7 కేలరీలు అదనం. శరీరం ముందు మద్యాన్నే ఖర్చుచేస్తుంది, కొవ్వు కరగడం వెనకబడుతుంది. రెండింటిలో ఇదే తక్కువ చెడు. అయినా ఇన్సులిన్ వాడేవారికి తెల్లవారుజామున చక్కెర పడిపోయే ముప్పు అప్పుడూ ఉంటుంది.